పదకొండు నుంచి ఒంటిగంట దాకా

"నీళ్ళు పట్టడం అయిందా?"

పదహారేళ్ళ కాపురంలో పొద్దున్నే భర్త నోట ఆమె వినే మొదటి మాట ఇది. కోపంగా అనడు, ప్రేమగానూ అనడు. కప్పుకున్న దుప్పటి పక్కకు నెట్టినంత మామూలుగా అంటాడు. అప్పటికి ఆమె పెరట్లో కుళాయి దగ్గర గంట నుంచీ తిరుగుతూ ఉంటుంది. ఎగువపేటకు నీళ్ళు అయిదింటికి వస్తాయి, ఆరున్నరకు పోతాయి. వస్తాయని పేరే గానీ ధార కాదది, దారం. బకెట్టు నిండడానికి ఆరు నిమిషాలు. బకెట్లు ఆరు, ఒక పెద్ద డ్రమ్ము, వంటింట్లోకి బిందెలు. ఆ ఆరేసి నిమిషాల సందుల్లోనే పొయ్యి మీద పాలు, అత్తగారి మాత్రలు, అమ్మాయి యూనిఫారం ఇస్త్రీ, నిన్నటి అంట్లు. బకెట్టు ఎక్కడిదాకా నిండిందో ఆమె చూడక్కర్లేదు. వంటింట్లో ఉన్నా నీటి చప్పుడు సన్నబడి గొంతు మారగానే తెలిసిపోతుంది. ఇంట్లో ఇంకెవరికీ ఆ చప్పుడు వినపడదు. వినపడుతుందేమో, అది తమను పిలుస్తున్న చప్పుడని మాత్రం అనుకోరు.

ఆమె ఉద్యోగం కూడా నీళ్ళతోనే. నగర కౌన్సిలు ఇంజినీరింగు విభాగంలో ఎస్టిమేట్లు వేస్తుంది. ఏ వీధిలో ఎంత లావు పైపు, ఎన్ని అడుగుల లోతు, ఎంత ఖర్చు, అన్నీ కొలిచి లెక్క కట్టేది ఆమె. ఆఫీసులో అందరూ కొలతలమ్మ అంటారు. పేరు పెట్టి పిలిచి చాలా ఏళ్ళయింది. మొదట్లో ఎగతాళిగా అన్నారు, తర్వాత అలవాటుగా, ఇప్పుడు కాస్త గౌరవంగానే అంటున్నారని ఆమె అనుకుంటుంది.

ఆ రోజు పనుల కమిటీ సమావేశం. ఊళ్ళో ఏ పని చెయ్యాలి, దానికెంత పెట్టాలి, జనం దగ్గర ఎంత చార్జీ వసూలు చెయ్యాలి అని తేల్చేది ఆ కమిటీయే. అయిదుగురు సభ్యులు. చైర్మన్ ఒకప్పటి హెడ్మాస్టరు, ఊరందరికీ మేష్టారు. బట్టల షాపాయన, ప్లీడరు, కంట్రాక్టరు. అయిదో మనిషి పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన నర్సమ్మగారు. పొడుగాటి బల్ల చుట్టూ వాళ్ళు, బల్ల చివర పెద్ద ఇంజినీరు. ఆయన వెనక గోడకు ఆనించిన కుర్చీలో ఆమె. ఏ కాగితం కావాలో ఆయన చెప్పడు. వెనక్కి తిరిగి చూడడు కూడా. చెయ్యి చాపుతాడంతే. ఆ చేతిలో సరైన కాగితం పడాలి. ఇంట్లో స్నానాల గది తలుపు సందులోంచి బయటికొచ్చే చెయ్యి ఆమెకు ఎప్పుడూ గుర్తొస్తుంది. ఆ చేతిలో తువ్వాలు పడాలి.

"ఎగువపేట నీళ్ళ సమస్యకి రెండు దార్లున్నాయండి," అన్నాడు పెద్ద ఇంజినీరు. "ఒకటి, గట్టు మీద కొత్త ట్యాంకు, కొత్త పంపు. రోజంతా నీళ్ళుంటాయి. కానీ ఖర్చు తిరిగి రావాలంటే ఊరంతా నీటి చార్జీలు ఒకటిన్నర రెట్లు చెయ్యాలి."

మేష్టారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "అంత పెంచితే జనం మనల్ని రోడ్డు మీద నడవనిస్తారా? రెండోది చెప్పండి."

"రెండోదానికి ఖర్చే లేదండి. ఇప్పుడు పొద్దున్నే కిందిపేటతో సహా ఊరంతా ఒకేసారి కుళాయిలు తిప్పుతారు కాబట్టి పైకి ప్రెషరు అందట్లేదు. ఎగువపేటకి మాత్రం టైము మార్చి, పదకొండు నుంచి ఒంటిగంట దాకా వదిలితే ధార బ్రహ్మాండంగా వస్తుంది. మా దగ్గర లెక్కలున్నాయి." ఆయన చెయ్యి వెనక్కి చాచాడు. ఆమె పట్టిక అందించింది.

ఆ లెక్కలు ఆమెవే. రెండు నెలలపాటు ఏడు చోట్ల ప్రెషరు గేజి పెట్టుకుని, గంట గంటకూ రాసిన లెక్కలు. పదకొండు గంటల ఎండలో ఎగువపేట మలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, గేజి ముల్లు పైకి లేవడం చూసి ఎంత సంతోషపడిందో. ఆ వేళ ప్రెషరు ఎందుకు బాగుంటుందో కూడా పక్కనే రాసింది, "జనం ఇళ్ళల్లో ఉండరు గనక" అని. ఆ వాక్యం పట్టికలో కనపడలేదు. పెద్ద ఇంజినీరు కొట్టేశాడు.

"పదకొండింటికి ఎవరుంటారండీ ఇళ్ళల్లో?" అని అడిగాడు ప్లీడరు.

"ఆడవాళ్ళుంటారుగా," అన్నాడు బట్టల షాపాయన.

ఎవరూ నవ్వలేదు, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అది వాదన కూడా కాదు మరి. గోడ ఉంది, కిటికీ ఉంది, ఇళ్ళల్లో ఆడవాళ్ళున్నారు. గోడ పక్కన కుర్చీలో కూర్చుని, తను ఎగువపేటలోనే ఉంటానని, పదకొండింటికి రోజూ ఈ గదిలోనో ఏదో గోతి పక్కనో ఉంటానని ఆమెకు చెప్పాలనిపించింది. కానీ ఆ కుర్చీలోంచి ఎవరూ మాట్లాడగా ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ఈ లెక్కలు ఎవరు తీశారు? చాలా శుభ్రంగా ఉన్నాయి," అంది నర్సమ్మగారు కాగితం తిరగేస్తూ.

"మా ఆఫీసు తీసిందండి," అన్నాడు పెద్ద ఇంజినీరు.

రెండో దారి వైపే అందరూ మొగ్గారు. నీళ్ళ టైము మార్చాలంటే ముందు పేటవాళ్ళ అభ్యంతరాలు వినాలన్న నిబంధన ఉంది కాబట్టి మూడు వారాల తర్వాత విని, ఆ రోజే ఓటు వేద్దామన్నారు. తర్వాతి అంశం, కౌన్సిలు భవనం ముందు ఆవరణకు నున్నటి రాయి పరవడం. దానికి నాలుగు నిమిషాలు పట్టింది. బకెట్టు కూడా నిండదు, అనుకుంది ఆమె.

ఇంటికొచ్చి చెప్పగానే భర్త సంబరపడ్డాడు. "చార్జీలు పెంచట్లేదు కదా? అదీ మాట! మేష్టారు బుర్ర ఉన్న మనిషి." అతను బీమా ఏజెంటు. ముందు గదిలో బల్ల, రెండు కుర్చీలు, కాలెండరు, అదే ఆఫీసు. ఖాతాదారులు సాయంత్రాలే ఇళ్ళల్లో దొరుకుతారు కాబట్టి అయిదు దాటాక బయటికి వెళ్తాడు. పొద్దుటి నుంచీ ఇస్త్రీ చొక్కాతో ఆ బల్ల ముందు కూర్చుని ఉంటాడు.

అత్తగారు మాత్రం అసలు సంగతి పట్టేసింది. "బాగానే ఉంది గానీ, పదకొండింటికి ఎవరు పడతారే? నా మోకాళ్ళ సంగతి తెలుసుగా."

ముగ్గురి చూపులూ ఆమె మీదికి వచ్చాయి. అత్తగారివీ, భర్తవీ, పదమూడేళ్ళ కూతురివీ. ఆమె సిగ్గుపడుతూ తర్వాత ఒప్పుకున్న విషయం ఏమిటంటే, ఆ క్షణంలో ఆమె కూడా నీళ్ళు పట్టేది తనేననే ఆలోచించింది. పదిన్నరకి అనుమతి అడిగితే, బస్సు దొరికితే, ఇంటికి ముప్పావుగంట. మళ్ళీ వెళ్ళడానికి ముప్పావుగంట.

"పర్మిషను అడుగు," అన్నాడు భర్త. "రోజూ మూడు గంటలు. ఇవ్వకపోతే లాంగ్ లీవు పెట్టు. ఆర్నెల్లు చూద్దాం. నేను మానెయ్యమనట్లేదు, గుర్తుంచుకో. చెప్తున్నానంతే."

"ఆదివారాలు అమ్మాయి పడుతుందిలే, దానికీ అలవాటవుతుంది," అంది అత్తగారు.

అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తకుండానే "సరే నాన్నమ్మా" అంది. ఎంత తేలిగ్గా అందో. తను కూడా ఇలాగే ఎప్పుడో సరే అని ఉంటుంది. ఎవరు అడిగారో, ఏ రోజో గుర్తు లేదు. సరే అన్నట్టు కూడా గుర్తు లేదు. మిగిలింది అలవాటు ఒక్కటే.

ఆ ఆదివారం ఆమె ఒక నోటుపుస్తకం తీసుకుని తన వీధిలో ఇల్లిల్లూ తిరిగింది. నలభై ఇళ్ళు. ప్రతి ఇంట్లో మూడే ప్రశ్నలు. పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఇంట్లో ఎవరుంటారు? నీళ్ళు ఎవరు పడతారు? అందుకు ఏం వదులుకోవాలి? పక్కింటి టైలరమ్మ రెడీమేడ్ బట్టల కార్ఖానాలో పనిచేస్తుంది. గుమ్మంలోనే నవ్వేసింది. "ఏముందక్కా, మా సూపర్వైజరు కాళ్ళు పట్టుకోవడమే. వాడు కుదరదంటాడు. అప్పుడు మానేసి ఇంట్లో కుట్టుకోవడమే."

"మీ ఆయనకి రాత్రి డ్యూటీ కదా? పగలు ఇంట్లోనే ఉంటాడుగా?"

"ఉంటాడు, పడుకుంటాడుగా పాపం. పదింటికే లేస్తాడనుకో..." టైలరమ్మ ఆగింది. తను అన్నమాట తనే విన్నట్టుగా ఆగి, మళ్ళీ నవ్వింది. "ఆయనా? నీళ్ళా? భలేదానివక్కా."

ఇల్లు మారినా మాట మారలేదు. హాస్టల్లో వంట చేసే ఆవిడ, చిన్నపిల్లల బడి టీచరు, కూరగాయల కొట్టు నడిపే ఆవిడ, అందరూ నేనే రావాలి అన్నారు. ఫిర్యాదుగా కాదు, అడ్రసు చెప్పినట్టు. సాయంత్రం పెరట్లో మెట్టు మీద కూర్చుని పట్టిక గీసింది. ముప్పై తొమ్మిది ఇళ్ళు నింపాక నలభయ్యోది తనది. ఆ వేళ ఇంట్లో ఉండేవారు అన్న గడిలో "భర్త" అని రాసింది. అత్తగారిని రాయడానికి ఎత్తిన పెన్ను ఆపింది, ఆవిడ బకెట్టు ఎత్తలేదు. పక్క గడి, నీళ్ళు పట్టేవారు. అక్కడ పెన్ను చాలాసేపు ఆగిపోయింది. ముందు గదిలో ఫ్యాను కింద అతను పేపరు మడతపెడుతున్న చప్పుడు వినపడుతోంది. కుళాయి అక్కణ్ణుంచి పన్నెండు అడుగులు. కొలతలమ్మ కదా, ఆమెకు తెలుసు. పన్నెండు అడుగుల దూరంలో ఉన్న మనిషిని వదిలేసి, ఏడు కిలోమీటర్ల దూరంలో ఉన్న మనిషి బస్సెక్కి రావాలని ఇంట్లో నలుగురూ ఒక్క మాట మీద ఒప్పుకున్నారు. ఆ నలుగురిలో తనూ ఉంది. ఇలాంటి ఎస్టిమేటు ఆఫీసులో ఎవరైనా తెస్తే మొహం మీద కొట్టేది.

మర్నాడు ఆ పట్టిక పెద్ద ఇంజినీరు బల్ల మీద పెట్టింది. ఆయన కళ్ళజోడు పైకెత్తి చదివాడు. చెడ్డవాడు కాదు. ఆమె ఎస్టిమేట్ల మీద సంతకం పెట్టేముందు ఎప్పుడూ సరిచూడడు, అంత నమ్మకం.

"ఇదేంటమ్మా? ఇది ఇంజినీరింగా? పైపుల్లో ఉన్నది మన లెక్క. పైపులోంచి బయటికొచ్చాక ఎవరు పట్టుకుంటే మనకెందుకు?"

"రెండో దారికి ఖర్చు లేదని రాశాం సార్. అది తప్పు లెక్క."

"ఫైల్లో పెట్టను. కమిటీ నవ్వుతుంది."

"అయితే ఆ రోజు నేను సెలవు పెడతాను సార్. పేటలో ఉండే మనిషిగా వచ్చి చెప్తాను."

ఆయన పట్టికను ఆమె వైపు తోశాడు. "కుర్చీ ఇటు వేసుకుంటావో అటు వేసుకుంటావో తేల్చుకో. తర్వాత నన్ను అనొద్దు."

అభ్యంతరాలు వినే రోజు హాలు నిండిపోయింది. ఆమె ఈసారి గోడ పక్కన కాదు, జనం కూర్చునే బెంచీల్లో రెండో వరసలో కూర్చుంది. పెద్ద ఇంజినీరు మొదటిసారి వెనక్కి తిరిగి చూసుకుని కాగితాలు తనే వెతుక్కుంటున్నాడు. ఆమె ఊహించనిది ఒకటి జరిగింది. మూడో వరసలో, తమ వీధి మగవాళ్ళ మధ్యన, ఇస్త్రీ చొక్కాలో ఆమె భర్త కూర్చుని ఉన్నాడు. చార్జీలు పెంచకూడదని చెప్పడానికి వాళ్ళంతా కలిసి వచ్చారు. ఆమెను చూసి, ఆఫీసు పని మీద ఉందనుకుని, చెయ్యి ఊపాడు. మాట్లాడతానని ఆమె ఇంట్లో చెప్పలేదు. చెబితే వద్దనేవాడని కాదు. చెబితే తనే మానేసేదేమోనని.

పిలవగానే లేచి నిలబడింది.

"మొన్న ఈ గదిలో రెండో దారికి ఖర్చు లేదన్నారు. ఖర్చుందండి. ఆ ఖర్చు మా పేటలో ఆడవాళ్ళ దగ్గర వసూలు చేస్తున్నారు, రసీదు ఇవ్వట్లేదంతే. మా వీధిలో నలభై ఇళ్ళు. ఇరవై ఎనిమిది ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఆ వేళకి బయట పనిలో ఉంటారు. వాళ్ళలో ఆరుగురు పని మానేస్తామని ఇప్పటికే అనుకున్నారు. మిగిలిన పన్నెండు ఇళ్ళల్లో నాలుగిట్లో ఉన్నది బకెట్టు ఎత్తలేని ముసలివాళ్ళు. నేను తిరిగింది ఒక్క వీధి. ఎగువపేటలో అరవై మూడు వీధులున్నాయి."

"ఆ ఇరవై ఎనిమిది ఇళ్ళల్లో మగాళ్ళెవరూ ఉండరా?" అన్నాడు కంట్రాక్టరు.

"పదకొండు ఇళ్ళల్లో ఉంటారండి."

"మరింకేం? ఆ పదకొండు ఇళ్ళకీ ఇబ్బంది లేనట్టేగా?"

"నేనూ అలాగే అనుకుని అడిగాను. ఆ పదకొండు ఇళ్ళల్లోనూ ఆడవాళ్ళే పని వదిలి రావాలని చెప్పారు."

హాల్లో నవ్వు లేచింది. బెంచీల మీద ఆడవాళ్ళు ఎక్కువ నవ్వారు. బట్టల షాపాయన చెయ్యి ఊపాడు. "మగాళ్ళ చేత బిందెలు మోయిస్తారా ఏంటి, బాగుందమ్మా."

"మోయకూడదని మనమేమైనా తీర్మానం చేశామా?" అంది నర్సమ్మగారు. నలభై ఏళ్ళు వార్డుల్లో తిరిగిన గొంతు అది. పెద్దగా లేదు, కానీ హాలంతా సద్దుమణిగింది. తర్వాత ఆవిడ ఆమె వైపు తిరిగి, తప్పు పట్టడానికి కాదు, నిజంగా తెలుసుకోవడానికే అడిగింది. "ఆ పదకొండిట్లో మీ ఇల్లుందా అమ్మా?"

లేదు అని ఒక్క మాట అంటే చాలు. ఆ మాటకు లెక్క ఏమీ మారిపోదు. పదకొండు పది అవుతుంది. మూడో వరసలో అతను మెడ కాస్త ముందుకు చాపి వింటున్నాడు. చొక్కా కాలరు ఆ పొద్దున ఆమె ఇస్త్రీ చేసిందే. మూడేళ్ళుగా అతని ఫోను పెద్దగా మోగడం లేదు. జనం బీమాలు ఫోన్లలో వాళ్ళే కట్టేసుకుంటున్నారు. అయినా ఎవరు అడిగినా ఆమె "మా వారికి ఊపిరి సలపని పని" అనే చెప్తుంది. వీధిలో, చుట్టాల్లో, కూతురితో సైతం. ఇన్నాళ్ళూ నీళ్ళతోపాటు ఆ మాటను కూడా తనే మోస్తోందని ఆ హాల్లో నిలబడ్డాక అర్థమైంది. అతని మీద జాలి వేసింది. జాలి వేస్తూనే నోరు తెరిచింది.

"ఉందండి. పదకొండింటికి మా ఇంట్లో మా వారుంటారు. నీళ్ళు పట్టడానికి మాత్రం నేను ఇక్కణ్ణుంచి వెళ్ళాలి. రానూపోనూ గంటన్నర."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆమె వెనక్కి చూడలేదు.

ఓట్లు వేశారు. ట్యాంకు కావాలని నర్సమ్మగారు చెయ్యెత్తింది. కంట్రాక్టరు కూడా ఎత్తాడు, ఆయన ఎందుకెత్తాడో అందరికీ తెలుసు. మేష్టారు, ప్లీడరు, బట్టల షాపాయన రెండో దారికి ఎత్తారు. మూడుకు రెండు. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి ఎగువపేటకు పదకొండు నుంచి ఒంటిగంట దాకా నీళ్ళు. ఆర్నెల్లు చూసి మళ్ళీ మాట్లాడదామన్నారు. ఆ పట్టిక రికార్డులో చేర్చాలనీ, తయారుచేసిన మనిషి పేరుతోనే చేర్చాలనీ నర్సమ్మగారు పట్టుబట్టింది. గుమస్తా ఆమె దగ్గరికొచ్చి పేరు అడిగాడు. పదిహేడేళ్ళుగా ఒకే అంతస్తులో పనిచేస్తున్న మనిషి.

మెట్ల దగ్గర మేష్టారు ఆగాడు. "నువ్వు చెప్పింది నిజమేనమ్మా. కాదన్ను. కానీ చార్జీ పెంచితే ప్రతి ఇంటికీ బిల్లు వెళ్తుంది, తెలుస్తుంది. ఇదైతే..." అని, చెప్పబోయిన మాట ఎక్కడికి వెళ్తోందో గ్రహించి, నమస్కారం పెట్టి దిగిపోయాడు.

ఇంట్లో భర్త రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడాడు. "నలుగురిలో నా పరువు తీశావు."

"అబద్ధం చెప్పానా?"

"ఇంట్లో నిజాలు హాల్లో చెప్పుకుంటారా? నేను ఖాళీగా కూర్చుంటున్నానని ఊరందరికీ చాటింపు వేశావు."

"ఖాళీగా ఉన్నారని అన్లేదండీ. ఇంట్లో ఉన్నారన్నాను. నేను ఇంట్లో ఉన్నప్పుడు ఎప్పుడైనా ఖాళీగా ఉన్నానని మీకు అనిపించిందా?"

ఆ సాయంత్రం అతను తన మంచి దస్తూరీతో ఒక అర్జీ రాసి వంటింటి గట్టు మీద పెట్టాడు. కుటుంబ బాధ్యతల దృష్ట్యా రోజూ పదిన్నర నుంచి ఒంటిగంటన్నర దాకా అనుమతి ఇప్పించవలసిందనీ, ఆ మేరకు జీతం తగ్గించుకోవడానికి తనకు అభ్యంతరం లేదనీ. ఒక్క అక్షరం కొట్టివేత లేదు. కింద ఆమె సంతకానికి చోటు వదిలాడు.

అత్తగారి మోకాళ్ళకు వేణ్ణీళ్ళ కాపడం పెడుతుంటే ఆవిడ హఠాత్తుగా అడిగింది. "ఆ కాగితంలో నన్ను ఏ గడిలో రాశావే?"

"మిమ్మల్ని రాయలేదత్తయ్యా. బకెట్టు ఎత్తలేరు కదా."

"ఎత్తలేనని రాసుకో. ఎందుకు ఎత్తలేనో కూడా రాసుకో. ముప్పై ఎనిమిదేళ్ళు వీధి చివర పంపు నుంచి మోశాను. వీడు కడుపులో ఉన్నప్పుడూ మోశాను. డాక్టరు నా మోకాళ్ళు చూసి వయసు అన్నాడు. వయసు కాదు, బిందెలు." ఆవిడ కాపడం గుడ్డ తనే తీసుకుని రెండో మోకాలి మీద వేసుకుంది. "మీ మామగారు అరుగు మీద కూర్చుని, చూసుకుని నడువు, ఒలకబోస్తున్నావ్, అనేవారు. మంచాయన." మొహం తిప్పుకుని అంది. "వీడికి చేత కాదులే. పారబోస్తాడు."

ఆ చివరి మాట ఆఫీసుకు వెళ్ళొద్దని చెప్పడమో, వెళ్ళమని చెప్పడమో ఆమెకు తెలియలేదు. అత్తగారికి కూడా తెలిసినట్టు లేదు.

ఒకటో తారీఖున ఆమె ఎప్పటిలాగే టిఫిను డబ్బా సర్దుకుంది. పొద్దున కుళాయి రాలేదు. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, ఏదో మరిచిపోయానని రెండుసార్లు పెరట్లోకి వెళ్ళొచ్చింది. బకెట్లు కడిగి వరసగా బోర్లించింది. అర్జీ వంటింటి గట్టు మీదే ఉంది, సంతకం లేకుండా. దాని మీద పప్పు డబ్బా పెట్టకుండా, చింపకుండా, జాగ్రత్తగా మడిచి అతని బల్ల సొరుగులో అతని కాగితాల్లోనే పెట్టేసింది. "వెళ్ళొస్తానండీ" అంది. అతను పేపరు దించలేదు. పదిన్నరకు బయల్దేరి వచ్చేస్తుందనే అనుకున్నాడు.

పదకొండింటికి ఆమె పంపుహౌసులో గేజి ముందు ఉంది. ముల్లు మెల్లగా లేచింది. ఈ నిమిషంలో నీళ్ళు గట్టు ఎక్కుతుంటాయి, ఈ నిమిషంలో తన వీధి మలుపు, ఈ నిమిషంలో పెరడు. చేతులు ఊరికే ఉండలేక ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి. పర్సు తీసి బస్సు చార్జీకి చిల్లర ఉందో లేదో చూసుకుని మళ్ళీ మూసేసింది. పదకొండూ అయిదుకు ఫోను మోగింది.

"నీళ్ళొస్తున్నాయి," అన్నాడు అతను.

"ఎలా వస్తున్నాయండీ?"

"గట్టిగానే వస్తున్నాయి. నువ్వు ఎక్కడిదాకా వచ్చావు?"

"నేను రావట్లేదండీ. పనిలో ఉన్నాను."

అవతల ఒట్టి బండ మీద నీళ్ళు పడుతున్న చప్పుడు స్పష్టంగా వినపడుతోంది. పదహారేళ్ళలో ఆ కుళాయి కింద బకెట్టు లేకుండా నీళ్ళు పడటం ఆమె ఎప్పుడూ వినలేదు. ఇప్పుడే వస్తున్నానని అనేసేదే. అంతలో వెనకనుంచి అత్తగారి కేక. "ఫోను పెట్టి బకెట్టు పెట్టరా! అన్నీ పోతున్నాయి!"

ఫోను కట్టయింది. ఆమె గేజి అంకె పుస్తకంలో రాసుకుంది. అంకె వంకరగా పడింది. కొట్టేసి మళ్ళీ రాసింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి ముందు గది నుంచి పెరటిదాకా తడి. గుమ్మం దగ్గర గోనెపట్టా పరిచి ఉంది. అత్తగారు పెరట్లో కుర్చీ వేయించుకుని కూర్చుని ఉంది. ఎప్పటినుంచి కూర్చుందో. మొహంలో అలసట, అలసటను మించి ఏదో ఉషారు. "మూడు బకెట్లు పారబోశాడు. చెప్పానా!" అంది. బకెట్లు ఆరూ నిండి ఉన్నాయి. బిందెలు నిండి ఉన్నాయి. డ్రమ్ము సగం.

అతను ఇవాళ సాయంత్రం పనికి బయటికి వెళ్ళలేదు. చొక్కా మార్చుకున్నాడు. అమ్మాయి పక్కన నిలబడి నాన్నను కొత్తగా చూస్తోంది. అతను రెండు చేతులూ చాపి చూపించాడు. అరచేతుల్లో బకెట్టు తీగ కోసిన ఎర్రటి గీతలు.

"డ్రమ్ము దగ్గరకొచ్చేసరికి నీళ్ళు సన్నబడ్డాయి. ఎంత నిలబడ్డా నిండలేదు," అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, చిన్నబుచ్చుకోవడం ఉంది. ఏదో ఒక మాట కోసం ఎదురుచూస్తున్నాడు. ఆ మాట ఆమెకు తెలుసు. నాలుక చివరిదాకా వచ్చేసింది కూడా. పోనీలెండి, పాపం, రేపు ఏదోలా నేను చూసుకుంటాలెండి. తన అరచేతుల్లో అలాంటి గీతలు గట్టిపడి రంగు మారి ఎన్నేళ్ళయిందో ఆమె లెక్క పెట్టుకోలేదు. ఎవరికీ చాపి చూపించలేదు. అతను చాపాడు. చూపిస్తే చూస్తారని అతనికి నమ్మకం.

ఆమె ఆ చేతుల్ని చూసింది. అలమర్లోంచి మందు తెచ్చి ఇచ్చింది. థాంక్స్ చెప్పలేదు, సారీ చెప్పలేదు. బ్యాగు కొక్కేనికి తగిలిస్తూ, ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకు పని చెప్పేటప్పటి గొంతుతో చెప్పింది.

"రేపు డ్రమ్ముతో మొదలుపెట్టండి. పన్నెండున్నర దాటితే కిందిపేటలో వంటలు మొదలవుతాయి, ధార తగ్గిపోతుంది."